సపోర్టు ఆపేసిన మెషిన్లు

బందరులో మా ఇంటి వీధి వరండానే నా వర్క్‌షాపు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్లయ్యాక ఉద్యోగం కోసం బెజవాడ పంపడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేకపోయింది. అలిగి కూర్చునే రకాన్ని కాదు కాబట్టి, వరండాలో ఒక బల్ల వేయించుకుని, దాని మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుని కూర్చున్నాను. మొదట్లో రేడియోలు, టీవీలు వచ్చేవి. టీవీలు చవకైపోయాక వాటిని బాగుచేయించుకునేవాళ్లు తగ్గారు. సరిగ్గా అప్పుడే గిలకలదిండి హార్బరు నుంచి బోట్ల సామాను రావడం మొదలైంది. వైర్‌లెస్ సెట్లు, జీపీఎస్‌లు, చేపల గుంపు ఎక్కడుందో చూపించే ఫిష్ ఫైండర్లు. ఉప్పుగాలి వీచినంతకాలం నీకు పనికి ఢోకా లేదని మా ఆయన వేళాకోళం చేసేవారు. ఆయన కోర్టులో గుమాస్తా. తగాదాలు ఉన్నంతకాలం మీకూ ఢోకా లేదని నేను అనేదాన్ని.

ఈ పనికి స్కోపు లేకపోతే కళ్లకు గంతలు కట్టుకున్నట్టే. వైరులో కరెంటు ఉందో లేదో, ఎంత ఉందో మల్టీమీటర్ చెబుతుంది. అది ఎలా లేస్తోందో, ఎక్కడ కుంగుతోందో తెరమీద గీత గీసి చూపించేది ఆసిలోస్కోప్. నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత ట్యూబు రకం స్కోపు, సీఆర్వో అంటారు, ఒకటుండేది. ఆకుపచ్చ గీత, రుబ్బురోలంత బరువు. దాని ట్యూబు పోయాక, చీటీ పాడి, చెన్నై డీలరు దగ్గర కొత్త డిజిటల్ స్కోపు తెప్పించాను. రెండువేల ఎనిమిది ప్రాంతంలో అనుకుంటాను. అన్నిటికన్నా చవక మోడలే, కానీ ఒంటిచేత్తో ఎత్తొచ్చు, రంగుల తెర. అన్నిటికన్నా ముఖ్యం, కనిపించిన గీతను ఫోటో తీసినట్టు ఆపి ఉంచుతుంది. పాత సీఆర్వోలో రెప్పపాటులో వచ్చిపోయేది ఏదైనా సరే, వచ్చి పోవడమే.

అది వచ్చింది దసరా ముందు. మహర్నవమినాడు మా ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ. స్కూటరు, కత్తిపీట, కుట్టుమిషను, నా మల్టీమీటర్, దేనికీ మినహాయింపు లేదు. మా అత్తగారు కొత్త వస్తువుకి మర్యాదలో లోటు రానివ్వరు. గంధం చిక్కగా తీసి, స్కోపు మీద ఉన్న ప్రతి నాబ్‌కీ, ప్రతి బటన్‌కీ వరసగా బొట్టు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దారు. ఏది ఎందుకు పనిచేస్తుందో తనకేం తెలుసని, అన్నిటికీ పెట్టేస్తే ఏదీ అలగదని ఆవిడ లెక్క. మర్నాడు తడిగుడ్డతో పైపైన తుడిచేసి పనిలో పడ్డాను.

చలికాలం గడిచేసరికి స్కోపుకి ఒక రోగం పట్టుకుంది. గీతను పైకి జరుపుదామని నాబ్ తిప్పితే, ఒకసారి కదలదు, ఒకసారి తెర దాటి ఎగిరిపోతుంది, ఒక్కోసారి కిందికి వస్తుంది. కోనేరు సెంటర్లో నెట్ సెంటరుకి వెళ్లి వెతికాను. ప్రపంచమంతా నాలాంటివాళ్లే. ఏ దేశంవాళ్లో, వాళ్ల నాబ్‌లూ ఇలాగే గెంతుతున్నాయని, ఇది ఫర్మ్‌వేర్‌లో తప్పని, కంపెనీ కొత్త వెర్షన్ విడుదల చేసిందని రాసుకున్నారు. ఫర్మ్‌వేర్ అంటే మెషిన్ లోపలే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రాం. దాన్ని మార్చేస్తే చాలు, విప్పక్కర్లేదు, టంకం పెట్టక్కర్లేదు. ప్రాణం లేచొచ్చింది.

కంపెనీకి మెయిల్ పెట్టాను. బోర్డు నంబరు అడిగారు, పంపాను. చాలా రోజులకి జవాబొచ్చింది. మీది పాత బోర్డు, కొత్త ఫర్మ్‌వేర్ కొత్త బోర్డుకే పనిచేస్తుంది, పాత బోర్డుకి సపోర్టు ఆపేశాం, ధన్యవాదాలు. నేను కొని ఇంకా ఏడాది కాలేదు. డీలరు గోడౌన్లో అది ఎన్నాళ్లు పడి ఉందో ఎవరికి తెలుసు. అన్నిటికన్నా ఆ ధన్యవాదాలు చూసి ఒళ్లు మండిపోయింది.

నెట్‌లో ఇంకో దారి చెప్పేవాళ్లూ ఉన్నారు. చవక మోడల్, ఖరీదు మోడల్ లోపల ఒకటేనని, ఫర్మ్‌వేర్‌తో కాళ్లూ చేతులూ కట్టేసి తక్కువకి అమ్ముతున్నారని, తాము మార్చిపెట్టిన ఫైలు ఎక్కిస్తే కట్లు తెగి మెషిన్ దౌడు తీస్తుందని, పాత బోర్డు కూడా దాన్ని తీసుకుంటుందని. ఆ పేజీ చివర్న ఒక పెద్దమనిషి మాత్రం, ఏ ఫైలు ఎక్కించినా లోపలి చిప్పు అదే, మెమరీ అంతే, దాన్ని మించి కొలవమంటే అబద్ధం చెబుతుందని రాశాడు. అప్పటికి అది నా చెవికెక్కలేదు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తెచ్చి, ధైర్యం చాలక డ్రాయర్లో పడేశాను.

వేసవి వచ్చింది. సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ గట్టుకి చేరి రంగులు వేయించుకుంటున్న రోజుల్లో, ఒకాయన గోనెసంచిలో ఫిష్ ఫైండర్ పెట్టుకుని మా వరండా ఎక్కాడు. దివిసీమలో నాగాయలంక వైపు ఊరు. చాలా ఏళ్లు ఒకరి బోట్లు నడుపుతూ సరంగుగా చేసి, బావమరిదితో కలిసి అప్పుడే ఒక పాత బోటు కొనుక్కున్నాడు. బోటుతోపాటు వచ్చిన మెషిన్ ఇది. ఒడ్డు దగ్గర బాగానే చూపిస్తుంది, లోతుకి వెళ్లేసరికి తెర ఖాళీ. అడుగూ కనిపించదు, చేపా కనిపించదు. దీన్ని చేసిన కంపెనీ ఆ మోడల్ ఎప్పుడో ఆపేసిందట, స్పేర్లు లేవన్నారట.

నేను బల్ల మీద పెట్టుకుని విప్పుతుంటే ఆయన విషయం చెప్పాడు. నిషేధం ముగిసే ముందు బోట్ల మీద పనిచేసే కళాసీలు తాము ఏ బోటుకి వెళ్లేదీ తేల్చుకుంటారు. దుప్పటి మూట బోటులో పెట్టారంటే ఆ ఏడాది వేటంతా ఆ బోటుకే. కూలి ఉండదు, పడిన చేపలో వాటాయే. చేపను చూపించలేని బోటులో మూట పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది. అప్పటికి ఆయనతో వస్తామన్నవాళ్లంతా మూటలు చేతిలోనే పెట్టుకుని చూస్తున్నారు.

"కొత్తది కొనే ఓపిక ఈ ఏడు లేదండి చెల్లెమ్మగారూ. ఇది పలికితే మా కుర్రోళ్లు నాతో ఉంటారు, పలక్కపోతే పక్క బోటెక్కేస్తారు. వాళ్ల తప్పేం లేదండి, వాళ్లకీ పిల్లలున్నారు."

ఫిష్ ఫైండర్ చేసే పని చిన్నదే. నీళ్లలోకి చిన్న శబ్దం వదిలి, అది అడుక్కో చేపకో తగిలి వెనక్కి వచ్చేదాకా వింటుంది. ఆ వదిలే దెబ్బలో బలం లేకపోతే లోతుదాకా వెళ్లదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఓల్టేజీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. దెబ్బ ఆకారం చూడాలి. అది రెప్పపాటు కూడా ఉండదు. స్కోపు పెట్టాను. గీతను తెర మధ్యకి తెద్దామంటే నాబ్ గెంతులు. పొద్దుటి నుంచీ దానితో కుస్తీపట్టి, చిరాకు నెత్తికెక్కి, డ్రాయర్లోంచి పెన్‌డ్రైవ్ తీశాను.

ఆ ఫైలు ఎక్కించాలంటే, చివర ఉన్న ఒక బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని స్కోపు ఆన్ చేసి, తర్వాత వదలాలని రాసి ఉంది. మామూలు పనిలో ఎప్పుడూ ముట్టుకోని బటన్ అది. పెన్‌డ్రైవ్ పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేసి వదిలాను. తెరమీద ఒక ముక్క వచ్చింది, వేచి ఉండమని. వేచి ఉన్నాను. భోజనం చేసి వచ్చి చూశాను, అదే ముక్క. ఆపి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే ముక్క. చవక స్కోపుని ఖరీదు స్కోపుగా మార్చబోయి, ఉన్నదాన్ని చంపేశానని అర్థమైంది. బల్ల మీద రెండు మెషిన్లు, రెండూ కంపెనీలు వదిలేసినవి, రెండూ పలకనివి. ఏడుపొచ్చింది. మా అత్తగారు గుమ్మంలోంచి చూసి, ఏమీ అడక్కుండా కాఫీ పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు బోటాయనకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.  ఇంకా టైముంది కదండీ అన్నాడు. నన్ను ఊరడిస్తున్నాడో తనని తాను ఊరడించుకుంటున్నాడో తెలియలేదు.

గుడివాడలో ఒక కాలేజీ లాబ్‌లో నాకు పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పిన మాస్టారు ఉండేవారు. ఫిష్ ఫైండర్ ఒక సంచిలో, స్కోపు ఒక సంచిలో పెట్టుకుని పామర్రు మీదుగా బస్సులో బయల్దేరాను. పక్కసీటావిడ టీవీలు మోసుకెళ్తున్నావా అమ్మా అని అడిగింది. లాబ్‌లో పాత సీఆర్వోలు బారుగా ఉన్నాయి, ఒకదానికి ఫిష్ ఫైండర్ తగిలించాం. దెబ్బ వచ్చినప్పుడల్లా తెరమీద ఆకుపచ్చగా ఒక మెరుపు, అంతే. ఏ ఆకారమో పట్టుకుందామంటే చేతికి దొరకదు. మాస్టారు లైట్లార్పించి, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు. దీనికి నీ డిజిటలే కావాలని తేల్చారు.

నా డిజిటల్ చచ్చిపోయింది సార్ అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెనకవైపు స్క్రూ మీద అతికించి ఉన్న స్టిక్కరు మీద వేలు పెట్టారు. ఇది తీస్తే గ్యారంటీ పోతుందని రాసి ఉంటుందే, అది.

"విప్పి చూడలేదా?" అన్నారు.

"గ్యారంటీ పోతుందని సార్."

"వాళ్లు ఎటూ చేతులెత్తేశారు కదమ్మాయ్. ఇంకా ఈ కాగితం ముక్కకి ఎందుకు భయం? ఇప్పుడు ఇది పూర్తిగా నీది."

ఆ మాట బస్సులో దారంతా నాతోనే వచ్చింది. సపోర్టు ఆపేశారని ఇన్నాళ్లూ అదేదో ఆస్తి పోయినట్టు ఏడ్చాను. విప్పుకునే స్వేచ్ఛ అందులోనే ఉందని తోచలేదు. వచ్చీ రాగానే కాళ్లు కడుక్కుని, స్టిక్కరు గోటితో గీకేసి, స్క్రూలు తీశాను.

మెయిన్ బోర్డు తళతళలాడుతోంది. ముందువైపు పలక విడదీశాను. నాబ్‌ల కింద, బటన్ల చుట్టూ, లేత పసుపు రంగులో ఏదో పొరలు కట్టి ఎండిపోయి ఉంది, మధ్యమధ్యలో ఎర్రగా. వేలితో గీకి వాసన చూశాను. గంధం. దసరానాడు తడిగా పెట్టింది సందుల్లోంచి లోపలికి జారి, ఎండి, జిగురులా పట్టేసింది. నాబ్ ఎంత తిరిగిందో లోపల లెక్కపెట్టే రేకుల మధ్య అదే పొడి, గెంతకేం చేస్తుంది. ఇక ఆ చివరి బటన్, నేను గట్టిగా నొక్కింది నొక్కినట్టే గంధంలో దిగబడి ఉండిపోయింది. స్కోపు ఆన్ అయినప్పుడల్లా ఎవరో ఆ బటన్ పట్టుకుని ఉన్నారనుకుని, పాపం, వాళ్లు వదిలాక ఫైలు తీసుకుందామని వేచి చూస్తోంది. ఫర్మ్‌వేర్ ఏ పాపం ఎరగదు. నేను ఎక్కించాననుకున్న ఫైలు అసలు ఎక్కనేలేదు.

నవ్వాగలేదు. ఏమైందోనని మా అత్తగారు వచ్చారు. చూశారు. ఆవిడకి వేరే వివరం అక్కర్లేకపోయింది, తన చేత్తో తీసిన గంధం తనకి తెలియదా. మొహం చిన్నబోయింది.

"నా వల్లే పాడైందా అమ్మా?"

నాకు కోపం రావాల్సిన చోటే అది. వచ్చే దారిలో ఉండగానే ఆవిడ మొహం చూశాను. పాడవలేదత్తయ్యా, అంటుకుంది, అంతే, అన్నాను. ఆవిడ నమ్మలేదు. లోపలికెళ్లి పాత టూత్‌బ్రష్ తెచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. నేను స్పిరిట్‌తో తడుపుతుంటే ఆవిడ ఒక్కో బటన్ పసిపిల్లకి నలుగు పెట్టినంత జాగ్రత్తగా రుద్దారు. ఆరబెట్టి, బిగించి, ఆన్ చేశాను. పాత వెర్షన్ నంబరే చూపిస్తూ స్కోపు లేచింది. నాబ్ తిప్పితే గీత తిప్పినంతే జరిగింది. మా అత్తగారు తెరకి దణ్ణం పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు దివిసీమ నుంచి ఆయన వచ్చాడు. ఫిష్ ఫైండర్‌కి స్కోపు ప్రోబ్ వైరు తగిలించి, వరసగా వచ్చే దెబ్బలన్నీ ఒకేసారి చూద్దామని తెరమీద కాలాన్ని సాగదీశాను. ఒక దెబ్బ పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి అసలు లేదు. మెషిన్ పోయిందా అండీ అని ఆయన అడిగాడు. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది నెట్‌లో ఆ పెద్దమనిషి రాసింది. ఇది చవక స్కోపు, దీని మెమరీ చిన్నది. ఎక్కువ కాలాన్ని ఒకేసారి చూపించమంటే, ఉన్న కొద్దిపాటి చుక్కల్నే ఎడంగా పెట్టి గీత కలుపుతుంది. చుక్కకీ చుక్కకీ మధ్య వచ్చిపోయిన దెబ్బ దానికి తెలియదు. ఆ లోపం మీ మెషిన్‌ది కాదు, నా మెషిన్‌దని ఆయనకి వివరంగా చెప్పాను.

ఆయన తెరకేసి చూసి, "అయితే మీ వల కన్ను పెద్దదన్నమాట. చిన్న చేప జారిపోతంది," అన్నాడు.

అంతేనన్నాను. వల మార్చలేం కాబట్టి, వెయ్యాల్సిన చోట దగ్గరగా వేద్దామన్నాను. ఉన్న మెమరీ అంతా ఒకదానికే దక్కేలా రెండో ఛానెల్ ఆపేశాను. కాలాన్ని కుదించి, ఒకే ఒక్క దెబ్బ మీద పెట్టి పట్టుకున్నాను. చక్కగా చిక్కింది. నిండుగా మొదలై, సగంలోనే కుంగిపోయి, చివరికి తోకలా సన్నబడిపోతోంది. దెబ్బకి బలమిచ్చే పెద్ద కెపాసిటర్ ఎండిపోయింది. రెండు దెబ్బల మధ్య తీరిగ్గా మళ్లీ నిండుతుంది కాబట్టి మల్టీమీటర్‌కి దొరకలేదు. అలాంటి కెపాసిటర్‌కి కంపెనీ స్పేర్లతో పని లేదు, పాత టీవీ బోర్డుల్లో కావలసినన్ని. ఒకటి తీసి, పరీక్షించి, వేశాను. మళ్లీ పట్టి చూస్తే దెబ్బ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎత్తున, కోసిన ఇటుకలా నిలబడింది.  ఆయన తెరమీద ఆగి ఉన్న ఆ గీతనే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

అయినా బల్ల మీద పలికితే సరిపోదు, నీళ్లలో పలకాలి. నిషేధం ముగియబోతుండగా ఇంజన్ ట్రయల్‌కి వెళ్తున్నామని కబురు పెట్టాడు. నేను బయల్దేరుతుంటే మా అత్తగారు కూడా చీర మార్చుకుని వచ్చి రిక్షాలో కూర్చున్నారు. బందరు కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ హార్బరు చూడలేదట.

బోటు వెళ్లిపోయాక గట్టు మీద మేమూ, ఆయన భార్యా మిగిలాం. మా వెనక గోడవారన కళాసీల మూటలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక దుప్పటి మూట, ఒక రేకుపెట్టె, పైన తువ్వాలు. ఒక్కటీ బోటు ఎక్కలేదు. ఆయన భార్య వాటివైపు చూడకుండా చూస్తోంది. నేను బోటు వెళ్లిన దిక్కే చూస్తూ, ఆ కెపాసిటర్‌ని, నా టంకాన్ని, ఆఖరికి ఆ స్కోపు గీతని కూడా అనుమానించడం మొదలుపెట్టాను. ఆవిడ మా అత్తగారికి సోడా తెప్పించి ఇచ్చింది. మా అత్తగారు తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా బోటు తిరిగొచ్చింది. దూరం నుంచి మొహాలు తెలియలేదు. తాడు విసిరి కట్టారు. ఆయన దిగి, భార్య దగ్గరికి కాదు, నా దగ్గరికి వచ్చాడు.

"అడుగు కనపడిందండి. లోతుకెళ్లినా వదల్లేదు. మట్టేదో రాయేదో తెలస్తాంది," అన్నాడు.

ఆయన భార్య పళ్లెంలో కొబ్బరికాయ, గంధం, కుంకుమ తెచ్చి, మా అత్తగారిని చూసి, పెద్దవారు, మెషిన్‌కి మీ చేత్తో బొట్టు పెట్టండమ్మా అంది. మా అత్తగారిని చెయ్యి పట్టి బోటులోకి ఎక్కించాం. క్యాబిన్‌లో ఫిష్ ఫైండర్ వెలుగుతోంది, దాని కింద బటన్లు బారుగా ఉన్నాయి. ఆవిడ వేలికి గంధం తీసుకున్నారు. మెషిన్ దాకా తీసుకెళ్లి ఆగారు. నావైపు తిరిగారు.

"ఎక్కడ పెట్టమంటావమ్మా?"

నాకు కళ్లు తడిశాయి. మెషిన్ బిగించిన చెక్క పలక చూపించాను. అక్కడ, బటన్లకి దూరంగా, నిండుగా గంధం రాసి కుంకుమ పెట్టారు. ఆయన భార్య కాయ కొట్టింది. నేను బయటికి వచ్చేసరికి కళాసీలు గోడవారకి వెళ్లి ఎవరి మూట వాళ్లు భుజాన వేసుకుంటున్నారు. ఒకరి వెనక ఒకరు గట్టుకీ బోటుకీ మధ్య వేసిన పలక మీదుగా ఎక్కి, మూటలు లోపల పెట్టారు. గోడవార ఏమీ మిగల్లేదు.